గొంతు దాచుకునే చోటు

స్వరపేటిక తీసేయక తప్పదని డాక్టరు చెప్పిన రోజునే మా ఇంట్లో గొడవ మొదలైంది. గొడవ నా జబ్బు గురించి కాదు. నాకు ఏ ఫోను కొనాలన్న దాని గురించి.

నేను బస్ స్టేషన్‌లో అనౌన్సర్‌ని. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఏది రద్దయిందో, ఎవరి సంచి విచారణ కౌంటరులో దొరికిందో చెప్పడం నా ఉద్యోగం. మూడు వైపులా అద్దాలు, నాలుగో వైపు తలుపు, బల్ల మీద మెడ వంచుకున్న ఒక మైకు. అదీ నా గది. నన్ను చూసినవాళ్ళు కొద్దిమంది. నన్ను విననివాళ్ళు మా ఊళ్ళో లేరు.

"మాట్లాడటం మళ్ళీ నేర్పిస్తాం, దానికి పద్ధతులున్నాయి," అన్నాడు డాక్టరు. "కాకపోతే ఈ గొంతు ఉండదు. ఇప్పుడు ఫోన్లలో ఏదో వచ్చిందట కదా. ముందే రికార్డు చేసి పెట్టుకుంటే, టైపు చేసిన మాటల్ని మన గొంతుతోనే పలుకుతుందట. ఆ ఏర్పాటేదో చూసుకోండి. ఈలోగా ఎక్కువ మాట్లాడకండి. గొంతును పొదుపుగా వాడండి."

పొదుపుగా వాడాలంటే ఏ మాట అవసరమో, ఏది కాదో ముందు తెలిసి ఉండాలి. నేను చదువుకున్న పుస్తకాల్లో సత్యాన్ని గురించీ, మౌనాన్ని గురించీ చాలా ఉంది. అవసరమైన మాట ఏదో మాత్రం ఎవరూ తేల్చి చెప్పలేదు. ఇంటికి వస్తూ దారి పొడుగునా అదే ఆలోచించాను. నా భార్య పక్కనే నడుస్తూ, మాటిమాటికీ నా మెడవైపు చూస్తోంది.

ఆ సాయంత్రం మా అమ్మాయి వచ్చింది. ఆమె పళ్ళ డాక్టరు. ఏ వస్తువైనా సీలు వేసి ఉంటేనే ఆమెకు నమ్మకం. ఆమె వెనకే నా బావమరిది వచ్చాడు. వాడికి ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. అక్కడ వెనక మూత ఉన్న ఫోను ఒక్కటీ కనిపించదు.

"నాన్నా, ఇంకో ఆలోచన పెట్టుకోకు. నా ఫోనులాంటిదే కొందాం," అంది మా అమ్మాయి. "అందులో గొంతు దాచే ఏర్పాటు కంపెనీవాళ్ళే పెట్టారు. నువ్వు కూర్చుని వాక్యాలు చదివితే చాలు. నీ గొంతు ఆ ఫోను దాటి బయటికి పోదు. ఏ దొంగా ముట్టుకోలేడు."

"దొంగే కాదు డాక్టరమ్మా, మీ నాన్న కూడా ముట్టుకోలేడు," అన్నాడు బావమరిది. "నీ ఫోను అత్తారిల్లు. అన్నీ అమర్చి పెట్టి ఉంటాయి. కుర్చీ మాత్రం ఇటునుంచి అటు జరపనివ్వరు."

"నీ ఫోను సత్రం మావయ్యా. ఎవడైనా రావచ్చు, ఎక్కడైనా పడుకోవచ్చు. పొద్దున లేచేసరికి చెప్పులుండవు."

"చెప్పులు పోతే పోనీ, తలుపు తీసుకుని బయటికి రానిస్తారు కదా! బావా, నా మాట విను. నేను పెట్టే యాప్‌లో గొంతు మామూలు ఫైలుగా నీ చేతిలో ఉంటుంది. ఫోను పగిలినా, కంపెనీ మూతపడినా, తీసుకెళ్ళి ఇంకో ఫోనులో పెట్టుకుంటావు."

"ఇంకొకడూ పెట్టుకుంటాడు. నాన్న గొంతుతో అమ్మకి ఫోను చేస్తాడు."

"చేస్తే వెంటనే పట్టేస్తాను," అంది నా భార్య వంటింట్లోంచి. "ఈయన నాకు ఎప్పుడు ఫోను చేశారు గనక?"

ముగ్గురూ నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వితే గొంతు మండుతుంది. పైగా ఆ మాట నిజం. రోజంతా స్టేషన్‌లో మాట్లాడినవాణ్ణి, ఇంటికి వచ్చి మాట్లాడేవాణ్ణి కాదు. పెళ్ళిళ్ళలో, ప్రయాణాల్లో తీసిన వీడియోల్లో ఎక్కడా నా గొంతు లేదు. వాటన్నిటిలోనూ నేను కెమెరా వెనక ఉన్నాను, నోరు మూసుకొని.

వాళ్ళిద్దరి వాదనలోనూ నాకు తప్పు దొరకలేదు. అదే నా చిరాకు. తాళంచెవి నా దగ్గర లేనప్పుడు పెట్టెలో ఉన్నది నాదెలా అవుతుంది? అసలు తలుపే లేనప్పుడు ఇంట్లో ఉన్నది నాదెలా అవుతుంది? గొంతు విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. బయటికి వచ్చేదాకా అది గొంతు కాదు. వచ్చాక అది విన్నవాళ్ళది.

"మీరేమంటారండీ?" అని నా భార్య అడిగింది.

"ఏదో ఒకటి," అన్నాను.

ఏదో ఒకటి కాదు, రెండూ వచ్చాయి. మర్నాటికల్లా మా అమ్మాయి తన ఫోనులాంటిదే కొని తెచ్చింది. బావమరిది తన దుకాణంలోంచి మరొకటి పట్టుకొచ్చాడు. ఒక బల్ల మీద రెండు నల్లటి పలకలు. నా భార్య వాటిని పక్కకు జరిపి బల్ల తుడిచి, మళ్ళీ యథాస్థానంలో పెట్టింది. ఏది ఎవరిదో ఆమె చూడలేదు.

ముందు అమ్మాయి ఫోనులో రికార్డు చేయాలని నిశ్చయమైంది. అది చదవమనే వాక్యాలు చాలానే ఉన్నాయి. నా గొంతు పొద్దున కాసేపే మాట వింటుంది. చడీచప్పుడు లేని చోటు కావాలంది ఫోను. అలాంటి చోటు నాకు ఒక్కటే తెలుసు. అక్కడే నేను పొరపాటు చేశాను.

నా అద్దాల గదిలోకి వెళ్ళి, తలుపు వేసి, నా కుర్చీలో కూర్చుని, ఫోనును మైకు ముందు నిలబెట్టాను. వెన్ను దానంతటదే నిటారుగా అయింది. ఈ పని నాకు నేర్పిన పెద్దాయన ఒకే మాట చెప్పేవాడు: "గొంతులో నువ్వు కనిపించకూడదు. బస్సు కనిపించాలి." ఆ మాటను నేను ఉద్యోగంలో ఏనాడూ తప్పలేదు. ఇప్పుడూ తప్పలేదు. 'తోటలో పిల్లలు ఆడుకుంటున్నారు,' అని ఫోను చూపించింది. ప్రతి మాటనూ విడిగా, తొణక్కుండా, చివర కొద్దిగా దించి చదివాను. 'నిన్ను చూసి చాలా రోజులైంది.' అదీ అలాగే చదివాను. 'ఇంత మంచి వార్త ఎందుకు దాచావు?' అదీ అంతే. ఎక్కడా తడబడలేదు. పని బాగా చేశానన్న తృప్తితో ఇంటికి వచ్చాను.

ఫోనును ఛార్జింగులో పెట్టి వదిలేయమంది. తెల్లారేసరికి గొంతు సిద్ధమైందని చూపించింది. అందరం బల్ల చుట్టూ చేరాం. కాస్త మంచినీళ్ళిస్తావా అని నా భార్యకు టైపు చేసి, నొక్కాను.

"కాస్త, మంచినీళ్ళు, ఇస్తావా," అంది ఫోను.

నా గొంతే. గరగర లేదు, జబ్బు లేదు. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. "అచ్చం నువ్వే నాన్నా!"

నా భార్య గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. "నేనేమైనా ప్రయాణికురాలినా?" అంది.

"అదేంటమ్మా, ఎంత స్పష్టంగా ఉందో!"

"స్పష్టంగానే ఉంది. స్టేషన్‌లో ఉండే ఈయన అచ్చం ఇలాగే ఉంటారు. మరి ఇంట్లో ఉండే ఈయన ఎక్కడ?"

నేను మళ్ళీ నొక్కాను. మళ్ళీ అంతే. మామూలుగా మా ఇంట్లో నేను నీళ్ళడిగితే ఎలా అడుగుతానో ఆలోచించాను. గుర్తు రాలేదు. గుర్తుండేలా అడిగి ఉండను.

మా అమ్మాయి ఫోనును చేతిలోకి తీసుకుంది. కొన్ని వాక్యాలు మార్చి చదివే వీలుందేమో చూసింది. లేదు. స్వరం పెంచే, తగ్గించే వీలుందేమో చూసింది. లేదు. నా రికార్డింగులను బయటికి తీసి మావయ్యకు ఇవ్వొచ్చేమో చూసింది. ఈ చివరిది ఎంత కష్టం మీద చేసిందో నాకు తెలుసు. అదీ లేదు. ఉన్న గొంతును చెరిపేసి, మొదటి నుంచి మళ్ళీ చదవడం ఒక్కటే దారి. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే అవతల మనిషి ఎంతో మర్యాదగా, "మీ సూచన మాకు విలువైనది," అన్నాడు.

"చూశావా? కుర్చీ జరపనివ్వరని చెప్పానా, లేదా?" అన్నాడు బావమరిది.

"నీకు సంతోషంగా ఉంది కదూ మావయ్యా?"

"సంతోషం కాదమ్మా. కడుపు మంట."

ఆదివారం వాడి వంతు వచ్చింది. "ఇదొక్కటి నొక్కితే అయిపోతుంది బావా," అంటూ పొద్దున్నే కూర్చున్నాడు. అది నొక్కితే ఇంకోటి అడిగింది. ఇంకోటి పెడితే మొదటిది పనిచేయడం మానేసింది. రెండూ కుదిరాక ఫోను అప్‌డేట్ చేసుకుంటానంది. చేసుకున్నాక రెండూ కుదరడం మానేశాయి. మధ్యలో ఎవరో ఒకమ్మాయి తెర మీదకి వచ్చి, పాతిక రకాల షాంపూల గురించి ఉత్సాహంగా చెప్పి వెళ్ళిపోయింది. బావమరిది నుదుటి చెమట తుడుచుకుని, "ఇదొక్కటి నొక్కితే..." అన్నాడు.

"అసలు ఈ యాప్ ఎవరు చేశారు?" అడిగింది మా అమ్మాయి.

"ఎవరో పుణ్యాత్ముడు. చేసి, అందరూ వాడుకోమని ఊరికే వదిలేశాడు."

"ఆ పుణ్యాత్ముడి పేరు?"

"పేరు పెట్టుకోలేదు."

"ఊరు?"

"దానం చేసినవాణ్ణి ఊరూ పేరూ అడుగుతారా ఎవరైనా?"

"దానం పుచ్చుకునేటప్పుడు అడగక్కర్లేదు. ఇప్పుడు మనం నాన్న గొంతు తీసుకెళ్ళి వాడి చేతిలో పెడుతున్నాం!"

"వాడి చేతిలో కాదే, మీ నాన్న చేతిలో! ఎన్నిసార్లు చెప్పాలి? గది తలుపు వేసినంత మాత్రాన అది క్షేమం అనుకుంటావు నువ్వు. జైలుకు కూడా తలుపు వేసే ఉంటుంది."

"సరే, నువ్వు తలుపులు పీకి బజార్లో పెట్టు."

"కాస్త మెల్లగా," అంది నా భార్య. "ఇద్దరికీ పుణ్యముంటుంది."

అప్పుడు నేను లేచాను. లేవకుండా ఉండాల్సింది.

"ఆపండి!" అన్నాను. ఆ గొంతు నాకే కొత్తగా ఉంది. "ఏం తెలుసని కొట్టుకుంటున్నారు మీరు? ఎవరి గొంతిది? నువ్వేమో డబ్బాలో పెట్టి సీలు వేస్తానంటావు. నేను నీ క్లినిక్‌లో పీకి పక్కన పెట్టిన పన్నునా? వీడేమో ఇదొక్కటి నొక్కు, ఇదొక్కటి నొక్కు అని పొద్దుట్నుంచీ నా ప్రాణం తీస్తున్నాడు. నీ దుకాణానికి వచ్చిన ఫోను అనుకున్నావురా నన్ను, మూత తీసి చూడటానికి? అందరికీ ఫోనే ముఖ్యం. నువ్వు కూడా!" అంటూ నా భార్యవైపు తిరిగాను. "అలా చూస్తూ నిలబడతావేం? నీకేం కావాలో ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పావా? వెళ్ళండి. అందరూ వెళ్ళండి. నన్ను నా మానాన ఉండనివ్వండి!"

ఇంకా ఏమేమో అన్నాను. చాలాసేపు అన్నాను. చివరి మాటల దగ్గర గొంతు చిరిగిన కాగితంలా అయింది. ఆ తర్వాత గాలి తప్ప ఏమీ రాలేదు. మా అమ్మాయి చేతిసంచి తీసుకుని వెళ్ళిపోయింది. బావమరిది తల వంచుకుని తన సామాను సర్దుకున్నాడు. వాడి ఫోను బల్ల అంచున ఉంది. దాన్నీ జేబులో వేసుకున్నాడు. పొదుపు చేయమని డాక్టరు చెప్పిన దాన్ని నేను ఏ పూటకు దాచానో, ఏ పూట ఖర్చు పెట్టానో అప్పటికి అర్థమైంది.

ఆపరేషన్ నాటికి గొంతు తిరిగి రాలేదు. రెండో రికార్డింగు చేయనే లేదు.

ఆసుపత్రిలో మెలకువ వచ్చాక, మెడలోని రంధ్రంలోంచి ఊపిరి పీలుస్తూ, అమ్మాయి ఇచ్చిన ఫోనుతోనే మాట్లాడాను. అది ఒక్కసారి కూడా మొరాయించలేదు. "నొప్పిగా, ఉంది," అంటే నర్సు వచ్చేది. "దిండు, సరిచేయండి," అంటే సరిచేసేది. అంతకన్నా మంచి గొంతు అక్కడ ఏ రోగికీ లేదు. కానీ కొద్ది రోజులకు ఒక సంగతి గమనించాను. చెప్పింది అందరూ చేస్తున్నారు. తిరిగి ఎవరూ ఏమీ అనడం లేదు. ప్రకటన విన్నవాళ్ళు తమ సామాను తీసుకుని లేస్తారు తప్ప, బదులు చెప్పరు. నా భార్య కూడా అంతే. నేను నొక్కితే లేచి పని చేసేది, వచ్చి కుర్చీలో కూర్చునేది. మాటలు తగ్గిపోయాయి. నా వంతు మాటలు పోవడం సరే, ఆమె మాటలు కూడా పోతాయని నేను అనుకోలేదు.

ఇంటికి వచ్చాక ఒక మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. కూర్చోలేదు.

"బావా, తిట్టనంటే ఒకటి చెప్తా. తిట్టలేవనుకో, అయినా చెప్తా," అన్నాడు. "ఆ ఆదివారం గదిలో చప్పుడెంత ఉందో చూద్దామని రికార్డింగు ఆన్ చేశాను. ఈలోగా గొడవైంది. ఆపడం మరిచిపోయాను. నువ్వన్నదంతా అందులో పడింది. మొన్న దుకాణంలో చూసుకున్నా. వేరే ఏమీ లేదు కదా అని, దాంతోనే గొంతు తయారు చేశాను. వద్దంటే ఇప్పుడే చెరిపేస్తా. ఇందులో చెరిపేయడానికి ఎవర్నీ అడగక్కర్లేదు."

ఫోను నా చేతిలో పెట్టాడు. ఉక్కగా ఉంది. నా భార్య కిటికీ పక్కన బట్టలు మడతపెడుతోంది. కిటికీ తెరువు అని టైపు చేశాను. తెర కాసేపు ఆలోచించింది.

"కిటికీ తెరువు!" అని గదంతా అరిచింది ఫోను.

"తెరుస్తున్నానండీ!" అంది నా భార్య అంతే గట్టిగా. "చేతిలో పని ఉంది, కనిపించడం లేదా? ఒక్క క్షణం ఆగితే కొంపలు మునుగుతాయా? ఆసుపత్రి నుంచి వచ్చిందగ్గర్నుంచీ చూస్తున్నా, ఇది తే, అది తీయి, అంతే. మనిషి తిందో లేదో అడిగారా?" అంటూ వెళ్ళి రెక్క తోసింది. తోసిన చెయ్యి కిటికీ మీదే ఆగిపోయింది. నావైపు తిరగలేదు. "దుమ్మొస్తే మళ్ళీ నన్నే అనకండి," అంది.

బావమరిది చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి ఆ ఫోనే వాడుతున్నాను. అది మంచి ఫోను అని నేను చెప్పను. మాట మధ్యలో బిగుసుకుపోతుంది. పొద్దున పెట్టిన ఛార్జింగు మధ్యాహ్నానికి ఉండదు. షాంపూల అమ్మాయి ఇంకా వస్తూనే ఉంది. ఏం టైపు చేసినా విసుగ్గానే పలుకుతుంది. పక్కింటాయన నా క్షేమం అడిగితే, "బాగానే ఉన్నాను!" అని దాదాపు మీద పడినంత పని చేసింది. ఆయన మళ్ళీ అడగలేదు. కృతజ్ఞత చెబితే ఎత్తిపొడుపులా ఉంటుంది. శాంతంగా ఒక్క మాట చెప్పడానికి నాకు ప్రపంచంలో ఇక ఏ వీలూ లేదు. ఉన్న ఒక్క శాంతమైన గొంతూ మా అమ్మాయి కొన్న ఫోనులో ఉంది. అది శాంతం కూడా కాదు, ఉద్యోగం.

ఆ ఫోనును ఆపేసి బీరువాలో పెట్టానని మా అమ్మాయికి తెలిసింది. వాళ్ళింట్లో అందరివీ అవే ఫోన్లు. వాళ్ళ వీడియో కాల్స్, ఫొటోలు, పిల్లల కబుర్లు అన్నీ అందులోనే. సత్రంలోంచి ఆ ఇంటికి దారి లేదు. పిలిచీ పిలిచీ ఒకరోజు తనే వచ్చింది. వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"తీసేశావా నాన్నా? పోనీ, నేను కొన్నదని కూడా అనిపించలేదా?"

టైపు చేశాను.

"నీ మీద కోపం లేదమ్మా!" అని అరిచింది ఫోను.

ఆమె ఉలిక్కిపడింది. "విన్నావా? కోపం లేదని చెప్పడానికి కూడా తిడుతోంది." కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు నన్ను అన్న గొంతే కదా ఇది? పీకి పక్కన పెట్టిన పన్ను అన్నావు. నేను ఆ మాట మరిచిపోదామని చూస్తున్నాను. ఇకపైన నాతో ఏం మాట్లాడినా ఆ గొంతుతోనే మాట్లాడతావా?"

నేను లేచి, బీరువాలోంచి ఆమె కొన్న ఫోను తెచ్చి ఆమె ముందు పెట్టాను. కావాలంటే నీ వరకు ఇది, అన్నట్టు చూశాను. ఆమె దాన్ని తెరిచి, తన వేలితోనే ఏదో టైపు చేసి నొక్కింది.

"ఎలా, ఉన్నావు, తల్లీ," అంది నా మంచి గొంతు.

ఆమె కాసేపు దాన్ని చూసింది. తర్వాత బోర్లించి, పక్కకు నెట్టింది. "వద్దు," అంది. "బస్సు వచ్చినట్టుంది."

నేను బావమరిది ఫోను తీసుకున్నాను. ఈసారి పొడుగ్గా రాయాలనుకున్నాను. ఆ రోజు గొంతులో ఉన్నది కోపమే కానీ దాని కింద భయం ఉందనీ, తనను అనలేదనీ, ఎవరినీ అనలేదనీ, ఇంకా ఎన్నో. చివరిదాకా రాశాను. నొక్కాను. తెర తెల్లబోయింది. మళ్ళీ నొక్కాను. చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. అప్పుడు మొత్తం నల్లగా ఆరిపోయింది.

నేను ఫోనును బల్ల మీద పడేసి, రెండు చేతుల్లో తల పట్టుకున్నాను.

"ఇటివ్వు," అంది మా అమ్మాయి. ఇలాంటి ఫోను ఆమె ఎన్నడూ పట్టుకోలేదు. అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏది నొక్కాలి? ఇదా?"

తల అడ్డంగా ఊపాను.

"మరి ఇదా? చూపించు, ఊరికే ఊపితే నాకేం తెలుస్తుంది?" అంటూ మరో బటన్‌ను గట్టిగా అదిమింది. అది గొంతు పెంచే బటన్. నేను గభాల్న లేచి చెయ్యి అడ్డం పెట్టాను.

"అబ్బా, అరవకు నాన్నా," అంది ఆమె, తెర మీంచి కళ్ళెత్తకుండా. "చేస్తున్నా కదా."